మా పిన్ని పేరుకు గోతిక్ అక్షరాలు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలోని ఓ ప్రెస్సులో ఇంగ్లీషు అక్షరాలు రెండు రకాలుండేవి. ఒకటి అందరికీ వేసే మామూలు రకం. రెండోది గోతిక్. నల్లగా, లావుగా, ఉలితో చెక్కినట్టు కోసుగా ఉండేవి. పెద్దక్షరాలకైతే, అంటే క్యాపిటల్స్‌కి, తీగలూ కొక్కేలూ. వాటిని భూములున్న ఆసాముల శుభలేఖలకే వేసేవారు. ఎవరు పెట్టారో ఆ రూలు!

మా పిన్ని పెళ్ళి కుదిరినప్పుడు తాతయ్య నన్ను వెంటబెట్టుకుని పెనుగంచిప్రోలు నుంచి అక్కడికి వెళ్ళాడు. ఆయన మిరప చేలల్లో కూలి. తెలుగు బైబిలు కూడబలుక్కుని చదివేవాడు గానీ ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కూతురి పేరు ఆ అక్షరాల్లోనే ఉండాలని పట్టు. చంకలో గుడ్డ చుట్టిన ఫ్రేము. ఆయన పెళ్ళికి చర్చిలో ఇచ్చిన సర్టిఫికెట్ అది. మా ఇంటి గోడకున్న పటం అదొక్కటే.

యజమాని మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ అక్షరాలు మీకెందుకురా? మామూలువి చాల్లే" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాతయ్య కదల్లేదు. గోడకు నమూనాగా అంటించిన ఓ ఆసామి శుభలేఖ చూపించి, "అందులో పేరేంటో చదవండయ్యా" అన్నాడు.

యజమాని దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించాడు. ఆసామి గొప్ప కనపడాలని పేరంతా పెద్దక్షరాల్లోనే పేర్పించారు మరి. తీగలో తీగ చిక్కుకుని ఏది ఏ అక్షరమో తెలిసి చావలేదు. లోపల్నుంచి కంపోజిటర్ వచ్చి చూసి, "నేనే పేర్చా, నాకే తెలీట్లా" అని నవ్వేశాడు.

అప్పుడు తాతయ్య గుడ్డ విప్పాడు. సర్టిఫికెట్ పైన శీర్షిక ఆ గోతిక్ అక్షరాల్లోనే ఉంది.

"ముప్పై ఏళ్ళ నుంచీ మా ఇంట్లో ఉన్నాయండి ఇయ్యి. మాటకి ముందొకటే పెద్దది, ఎనకంతా చిన్నయ్యి. నాకియ్యి చదవటం రాదు, చూడటం వచ్చు. మా పిల్ల పేరు ఇట్టాగే ఉండాల. కుదరదంటే నందిగామ పోతా."

యజమాని మొహం మాడిపోయింది. కంపోజిటర్ మాత్రం ఫ్రేమును పక్కన ఆనించుకుని పని మొదలుపెట్టాడు. పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ గోతిక్‌లో, మిగతాదంతా మామూలు అక్షరాల్లో. ప్రూఫ్ చేతికిస్తే, ఆరో క్లాసు చదివే నేను పిన్ని పేరు తడుముకోకుండా చదివేశాను. తాతయ్య గుమ్మం దాటి లోపలికొచ్చి, యజమాని ఎదురుగా నిలబడి, మళ్ళీ చదవమన్నాడు. గొంతెత్తి చదివాను.

నాకిప్పుడు అరవై దాటాయి. "మీకెందుకు" అన్న మాట ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల్లో విన్నానో! విన్న ప్రతిచోటా గుమ్మం దాటి లోపలికే వెళ్ళాను. పేరేంటని అడిగితే ఇప్పటికీ ఆ ప్రెస్సులో చదివినంత గట్టిగానే చెబుతాను. ఉలిక్కిపడతారు. పడనీ.