దొనకొండ షెడ్లలో పప్పు ఉడికిన రోజు

మా అవ్వ ఎలీషబా ఒక పిడికెడు కందిపప్పు కొంగున కట్టుకుని బయలుదేరకపోయి ఉంటే, ఈ దేశపు మిలిటరీకి ఈనాటికీ గుడారం ఒక ఊళ్ళో, దాని మేకులు ఇంకో ఊళ్ళో ఉండేవి. శత్రువు వచ్చి చూసి, జాలిపడి, వెనక్కి పోయేవాడు. కాబట్టి దేశాన్ని నిలబెట్టింది మా అవ్వే. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకాలు రాసేవాళ్ళలో పప్పు వండినవాళ్ళు తక్కువ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం అది. మిలిటరీకి గుడారాల సామాను కొని పంపే సర్కారు ఆఫీసు ఒకటి మన వైపు ఉండేది. ఉండటం ఉండటమే మూడు ముక్కలుగా ఉండేది. గుడ్డ కొనేవాళ్ళు గిద్దలూరులో, తాళ్ళు కొనేవాళ్ళు మార్కాపురంలో, మేకులూ గుంజలూ చూసేవాళ్ళు దొనకొండలో. ఎక్కడో మంచుకొండల్లో ఉన్న పటాలానికి గుడ్డ అందింది, నెల తరవాత తాళ్ళు అందాయి, మేకులు మాత్రం దారిలోనే ఉన్నాయని ఉత్తరాలు అందాయి. ఆ పటాలం వాళ్ళు ఆ నెలంతా గుడ్డ కప్పుకుని పడుకున్నారట.

పైనుంచి అక్షింతలు పడ్డాయి. మూడు చోట్ల ఉన్న అరవైమందినీ దొనకొండ అవతల ఖాళీగా పడి ఉన్న పాత షెడ్లలోకి చేర్చమని ఉత్తర్వు వచ్చింది. మార్చి ముప్పయ్యో తేదీన మద్రాసు నుంచి పెద్ద అధికారి వస్తాడు. అందరూ ఒకేచోట చేరారా, అక్కడ ఉండగలరా అని చూసి సంతకం పెడతాడు. పెట్టకపోతే ఆఫీసు మొత్తం బెంగుళూరుకు ఎత్తుకుపోతారు.

మా అవ్వ మార్కాపురం ఆఫీసులో ఊడ్చే మనిషి, అదీ టెంపరరీ. తాత ఏబేలు పలకల గనిలో పనిచేసి పనిచేసి, రాతిదుమ్మంతా రొమ్ములో నింపుకుని, ఆ ఏడే మంచం పట్టాడు. ఇద్దరు పిల్లలు. ఆఫీసు బెంగుళూరు పోతే గుమాస్తాలు ట్రంకుపెట్టెలతో సహా పోతారు. ఊడ్చే మనిషిని ఎవరూ రైలెక్కించుకుని పోరు, చీపురు అక్కడా దొరుకుతుంది. దొనకొండ అయితే పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి రావచ్చు. అంటే ఆ సంతకం పడితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పడకపోతే ఆరిపోతుంది.

గుమాస్తాలకు మాత్రం ఆ సంతకం పడటం ఇష్టం లేదు. వాళ్ళ మనసు అప్పటికే బెంగుళూరు చేరి చల్లగాలి పీల్చుకుంటూ ఉంది. హెడ్ క్లర్కు పుల్లారావు అయితే మార్చినెల ఎండలో మార్కాపురం బజారులో ఉన్నికోటు బేరమాడాడు. ఆ పని చేసిన మొదటి మనిషీ ఆయనే, చివరి మనిషీ ఆయనే.

తరలింపుకు వారం ముందు షెడ్లు ఊడ్చి రమ్మని అవ్వను పంపారు. అవ్వ పుట్టిల్లు పెద్దారవీడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ ఊరి సంబంధం వచ్చినా, పిల్ల తరఫు ఆడమనిషి ఒకామె పిడికెడు కందిపప్పు తీసుకుని ఆ ఊరు పోతుంది. ఆ ఊరి బావి నీళ్ళతో పొయ్యి మీద పెడుతుంది. పప్పు మెత్తబడితే మాటలు సాగుతాయి. ఉడకకపోతే పిల్లవాడు మారాజైనా సరే, మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వస్తుంది. మన మెట్ట ఊళ్ళలో నీళ్ళు అట్లాంటివి. చూడటానికి తేటగా ఉంటాయి, పప్పు వేస్తే రాయిలా ఉంచుతాయి, తాగినవాళ్ళ పళ్ళు పదేళ్ళకే పచ్చబడతాయి.

అవ్వ షెడ్లు ఊడ్చింది, మూడు రాళ్ళు పెట్టింది, అక్కడి బావి నీళ్ళు తోడి కొంగులోని పప్పు వేసింది. రెండు గంటలు మంట పెట్టినా గింజ గింజగానే ఉంది. ఆ గింజల్ని అట్లాగే ఆకులో చుట్టుకుని సూపరింటెండెంటు దశరథరామయ్య బల్ల మీద పెట్టింది. ఆయన మంచివాడే, కాకపోతే కాగితం చెప్పిందే నమ్మేవాడు. సొరుగులోంచి మద్రాసు కాగితం తీశాడు. షెడ్ల బావి నీళ్ళు రెండు సీసాల్లో పరీక్షకు పంపామనీ, తాగడానికి శ్రేష్ఠమైన నీళ్ళని జవాబు వచ్చిందనీ చదివి వినిపించాడు.

"మద్రాసు వాళ్ళు పప్పు ఎయ్యలేదేమో దొరా," అన్నది అవ్వ.

ఆయన నవ్వి, ఆకుతో సహా గింజల్ని చెత్తబుట్టలో వేశాడు. ఆ బుట్ట సాయంత్రం ఖాళీ చేసింది కూడా అవ్వే.

ముప్పయ్యో తేదీ వచ్చింది. తెల్లవారేసరికి గిద్దలూరు లారీలు, మార్కాపురం లారీలు షెడ్ల ముందు సామాను దించేశాయి. బీరువాలు, బల్లలు, తాళ్ళ చుట్టలు, అరవైమంది మనుషులు. మధ్యాహ్నం అధికారి సిబ్బందితో కలిసి పంక్తిలో భోంచేస్తాడని కబురు. వంటాయన చెన్నకేశవులు ఎనిమిదింటికి పెద్ద డేగిశాలో పప్పు పెట్టాడు. తొమ్మిదింటికి గరిటెతో తీసి నొక్కి చూశాడు. మళ్ళీ కట్టెలు ఎగదోశాడు. తినే సోడా వేశాడు, ఇంకాస్త వేశాడు. పప్పు రంగు మారింది, సబ్బు వాసన వచ్చింది, గింజ మాత్రం గింజగానే ఉంది.

సంగతి షెడ్లన్నీ తిరిగి పుల్లారావు చెవిన పడింది. ఆయన మొహం పెళ్ళికొడుకు మొహమైంది. ఈ నీళ్ళలో పప్పు కూడా ఉడకదనీ, ఇక్కడ పెళ్ళాంబిడ్డలతో కాపురం చేయలేమనీ, దయచేసి బెంగుళూరు పంపమనీ నిలబడి నిలబడే అర్జీ రాశాడు. అరవైమందిలో సగంమంది అప్పుడే వరస కట్టి సంతకాలు పెట్టసాగారు. మేకులు పంపడానికి మూడు నెలలు పట్టినవాళ్ళకు అర్జీకి ముప్పావుగంట చాలింది.

దశరథరామయ్య సొరుగులోని మద్రాసు కాగితం తెచ్చి డేగిశా పక్కన నిలబడ్డాడు, అది చూపిస్తే పప్పు ఉడుకుతుందేమోనన్నట్టు. అవ్వ ఆయన వైపు చూడలేదు. ఆమె కళ్ళు వెతుకుతున్నది అటెండరు బ్రహ్మాన్ని. కార్తీకంలో సీసాలు పట్టుకుని ఈ బావికి వచ్చింది అతనే. పొద్దుటినుంచి అతను వంటశాల ఛాయలకు రాలేదు. ఎక్కడా లేడు. చివరికి తాళ్ళ చుట్టల వెనక గోడకు ఆనుకుని కూర్చుని దొరికాడు.

"బ్రహ్మమయ్యా, ఆ సీసాలు యాడ నింపినావు?" అన్నది అవ్వ.

"ఈడనే. బావిలో."

"బావికి చేదతాడు నిన్నటి దాకా లేదే. నేను వారం కింద వచ్చినప్పుడు పాత చీర పేలికలు ముడేసి తోడినా."

 బ్రహ్మం లోగొంతుతో మొత్తం చెప్పాడు. ఆనాడు ఎండలో రెండు మైళ్ళు నడిచి వచ్చాడు, బావికి తాడు లేదు, తిరుగు రైలుకు టైమైంది. స్టేషన్లో కుళాయి కనపడింది, నింపేశాడు. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాడు.

"అక్కా, చెప్పబాకు. నా ఉద్యోగం పోతాది. ముగ్గురాడపిల్లలు నాకు," అన్నాడు.

అవ్వ చెప్తానని అనలేదు, చెప్పనని కూడా అనలేదు. ఆమె బుర్ర అప్పటికే స్టేషన్లో ఉంది. మద్రాసు కాగితం మెచ్చుకున్నవి స్టేషన్ నీళ్ళు. రైలింజను కడుపు కూడా పప్పు కడుపు లాంటిదే, చవుడు నీళ్ళు పోస్తే లోపల రాయి కడుతుంది. అందుకే రైల్వే వాళ్ళు ఇంజను కోసం మంచి నీళ్ళు ఎక్కడినుంచో పైపులో తెచ్చుకుంటారు.

"లెయ్. బండెక్కు," అన్నది.

సామాను తెచ్చిన ఎద్దులబండి ఒకటి ఖాళీగా ఉంది. స్టోర్సులో కొత్త డ్రమ్ము ఒకటి ఉంది. బండి తోలింది అవ్వ. బ్రహ్మం డ్రమ్మును వాటేసుకుని వెనక కూర్చున్నాడు, పెళ్ళికి పోతున్న ముసలామెను పట్టుకున్నట్టు. పదకొండింటికి స్టేషన్ చేరారు.

పంపు చూసేవాడు దేవరాజు. దొనకొండ చర్చిలో అవ్వకు తెలిసిన మనిషే. కష్టం విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. గూడ్సుబండి వస్తోంది, ఇంజను తాగిన తరవాత మిగిలితేనే ఇవ్వగలనన్నాడు.

"ఎంత తాగుతాదన్నా?"

"దాని దప్పిక దానిది చెల్లే. ఎండాకాలం, తొట్టి సగమే ఉంది."

బండి పదకొండున్నరకు రావాలి. రాలేదు. అవ్వ పట్టాల పక్కన నిలబడి తూర్పుకు చూసింది. పావు తక్కువ పన్నెండు. అధికారి జీపు ఒంటిగంటకు. ఇంటి దగ్గర ఏబేలు మంచం మీద ఎంత దగ్గుతున్నాడో, పెద్దవాడు నీళ్ళు ఇచ్చాడో లేదో. బ్రహ్మం ముగ్గురు ఆడపిల్లల పేర్లూ వరసగా పెట్టి దేవుళ్ళందరికీ మొక్కులు మొక్కుకుంటున్నాడు. అవ్వ ఒక్క దేవుడికే మొక్కింది, అదీ ఇంజనుకు దప్పిక లేకుండా చేయమని.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా గూడ్సు వచ్చింది. తొండంలాంటి గొట్టం కింద నిలబడి గటగటా తాగింది. దేవరాజు తొట్టి ఎక్కి లోపలికి చూస్తూ వేళ్ళు చూపిస్తున్నాడు. మూడడుగులు, రెండు, ఒకటిన్నర. ఒకటి దగ్గర ఇంజను కూత వేసింది. ఆ కూత విని ఏడ్చింది మా అవ్వ ఒక్కతే అయి ఉంటుంది.

డ్రమ్ము నిండింది. రెండు మైళ్ళు. నీళ్ళు చిందుతాయని ఎద్దుల్ని పరిగెత్తించడానికి లేదు, టైము చాలదని నడిపించడానికి లేదు. షెడ్లు కనపడేసరికి వాకిట్లో జీపు నిలిచి ఉంది.

వంటశాల గుమ్మంలో చెన్నకేశవులు గరిటె అడ్డం పెట్టి నిలబడ్డాడు. బండి తోలింది ఎవరో చూశాడు. నీళ్ళెవరు పట్టారని అడిగాడు. ఇంతకుముందు మార్కాపురం ఆఫీసులోనూ అంతే. అవ్వ తెచ్చిన నీళ్ళు నేల కడగడానికి, పూలచెట్లకు. తాగే కుండ దగ్గరికి ఆమె నీడ కూడా పోకూడదు.

 అవ్వ బ్రహ్మం వైపు చూసింది. ఒక్క చూపే. బ్రహ్మం బండి మీద నుంచి ఒక్క దూకు దూకాడు.

"రైల్వే వాళ్ళు పట్టినారు. తెచ్చింది నేను. నా చేతి నీళ్ళు నీకు పనికిరావా ఏంది, కేశవులు మామా?"

బ్రహ్మం చేతి నీళ్ళు అందరికీ చెల్లేవి. చెన్నకేశవులు గరిటె దించాడు. బ్రహ్మం డ్రమ్ములోంచి బిందెలతో తోడి మోశాడు. అవ్వ బండి పక్కనే, మూడు గజాల దూరంలో నిలబడింది. పైపుకు పట్టినప్పుడు డ్రమ్ములో మోచేతిదాకా తడిసిన ఆమె చెయ్యి అప్పటికి ఎండకు ఆరిపోయింది.

పాత పప్పు పారబోశారు. కొత్త పప్పు పడింది. దశరథరామయ్య అధికారిని ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డులోకి తిప్పాడు. ఇది గుడ్డ, ఇవి తాళ్ళు, ఇవి మేకులు అని ఒక్కొక్క మేకూ చేతికిచ్చి చూపించాడు. అక్కడే ఒక గుడారం నిలబెట్టించి విప్పించాడు, మళ్ళీ నిలబెట్టించాడు. రెండుంపావుకు చెన్నకేశవులు గరిటెతో తీసి వేళ్ళ మధ్య నొక్కాడు. పప్పు వెన్నలా అణిగింది.

పంక్తి వేశారు. అధికారి మొదటి ముద్ద తినబోతుండగా పుల్లారావు వినయంగా వంగి అర్జీ అందించాడు. ఆయన ఎడమచేత్తో అర్జీ పట్టుకుని, కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ చదివాడు. ఈ నీళ్ళలో పప్పు ఉడకదన్న చోట ఆగాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ చదివాడు. మళ్ళీ తిన్నాడు. తరవాత అర్జీ మడిచి విస్తరాకు కింద పెట్టి, ఇంకొంచెం పప్పు వడ్డించమన్నాడు. మూడున్నరకు సంతకం పడింది. పుల్లారావు ఉన్నికోటు మార్కాపురంలో పెట్టెలోనే ముసలిదైంది.

జీపు పోయాక దశరథరామయ్య బండి దగ్గరికి వచ్చాడు. నీళ్ళు ఎక్కడివని అడిగాడు. స్టేషన్ నీళ్ళని అవ్వ చెప్పింది. ఆయన చేతిలోని మద్రాసు కాగితం చూశాడు, బావి వైపు చూశాడు, బ్రహ్మం వైపు చూశాడు. బ్రహ్మం అక్కడ లేని ఈగను తోలుతున్నాడు.

"సీసాల్లో నీళ్ళు ఈ బావివేనా?" అని అవ్వను అడిగాడు.

"నాకేం తెలుసు దొరా, నేను ఊడ్చేదాన్ని. రోజూ రెండు డ్రమ్ములు కావాల. బండి తోలడానికి ఒక మనిషి కావాల. అది తెలుసు," అన్నది అవ్వ.

రైల్వే వాళ్ళకు ఉత్తరం పోయింది, ఒప్పుకున్నారు. బండి మనిషి ఉద్యోగం అవ్వకు వచ్చింది, రెండేళ్ళకు పర్మనెంటు అయింది. ఆ జీతంతో తాత ఇంకో ఏడేళ్ళు బతికాడు. అవ్వ ఇరవై ఆరేళ్ళు ఆ బండి తోలింది. అరవైమందీ ఆమె తెచ్చిన నీళ్ళే తాగారు. బ్రహ్మం రిటైరయ్యేదాకా డ్రమ్ములోంచి తోడి కుండలో పోశాడు. అవ్వ చేతికీ ఆ కుండకూ మధ్య ఆ నీళ్ళు ఎక్కడ కులం మార్చుకున్నాయో ఎవరూ పరీక్షకు మద్రాసు పంపలేదు.

ఇదంతా రాసి నేను అవ్వకు చదివి వినిపించాను. ఆమె వక్క కొరుకుతూ విన్నది. బ్రహ్మం తప్పును కడుపులో దాచుకోవడం ఏసుప్రభువు నేర్పిన క్షమాగుణమని చివర ఒక మాట చేర్చనా అని అడిగాను.

"క్షమాగుణం లేదు, నీ తలకాయ లేదు," అన్నది అవ్వ. "వాని ఉద్యోగం పోతే నీళ్ళు తోడి పోసేదెవరురా? నేను పోస్తే వాళ్ళు తాగుతారా?"