కళ్ళు మూసుకున్న పన్నెండుమంది

కంటితో చూసినదాన్ని పక్కనబెట్టి, పుస్తకంలో ఉన్నదాన్నే ఆ రోజు నేనెందుకు చెప్పినాను? ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను.

1979లో నేను రాయదుర్గం గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. బండిచక్రాలు చేసే తిప్పయ్య ఒక మధ్యాహ్నం వచ్చి, చెప్పులు బయట విడిచి, "సామీ, పాతకాలం సిపాయిలు తుపాకి పేల్చే బొమ్మ యాడన్నా ఉండాదా?" అన్నాడు. హైస్కూలు ప్రదర్శనకు కోట సిపాయిల్ని పన్నెండుమందిని, జానెడు ఎత్తున, వేపకొయ్యతో చెక్కమన్నారట. ఎన్ని చక్రాలు చేసినా అవి మట్టిలో తిరిగేవే. తన చేతిపనిని జనం నిలబడి చూడబోవడం అతనికి అదే మొదలు.

పుస్తకం తెరిచి చూపించినాను. అందులో సిపాయిలు తుపాకికి చెంప ఆనించి, కళ్ళు పెద్దవి చేసి గురి చూస్తున్నారు. తిప్పయ్య చాలాసేపు చూసి, "ఈ బొమ్మ గీసినాయన ఎప్పుడన్నా తుపాకి పేల్చింటాడా?" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరం గుమ్మఘట్ట దగ్గర సుంకప్ప చేనికి పోయినాం. పాతకాలం సిపాయిల మాదిరే ఒత్తి అంటించి పేల్చే నాటు తుపాకితో అడవిపందుల్ని తరిమేవాడు సుంకప్ప.

"ఏమప్పా, పందుల్ని చూడనీకి వచ్చినారా, నన్నా?" అని నవ్వి, ఒకసారి పేల్చినాడు.

నేను పొగను చూసినాను. తిప్పయ్య సుంకప్ప మొహాన్ని చూసినాడు.

"కండ్లు మూసుకుంటివే!"

"ఒకసారి తెరిచినాలే." సుంకప్ప సగం లేని కనుబొమ్మ చూపించినాడు. "మందు మొగానికే భగ్గుమంటాది. గురి ముందే చూసుకోవల్ల."

ఇంకోసారి పేల్పించినాడు తిప్పయ్య. ఈసారి నేనూ చూసినాను. మొహం పక్కకు తిరిగింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. ఒళ్ళు మాత్రం ముందుకే వంగి ఉంది.

రెండు నెలలు చెక్కినాడు. నేను పోతే నా చేతికొక కర్ర ఇచ్చి, చెవి పక్కన రెండు చెక్కలు టక్కున కొట్టి, నా మెడ ఎట్లా తిరుగుతుందో చూసేవాడు. పన్నెండుమందిలో ఒకడు పళ్ళు బిగించినాడు, ఒకడి భుజం చెవిదాకా లేచింది. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి.

ప్రదర్శన ముందురోజు ఇద్దరం బొమ్మల్ని బడికి తీసుకుపోతే, హెడ్మాస్టరు హనుమంతరాయుడు చూసి, "ఏమప్పా తిప్పయ్యా, వీళ్ళు యుద్ధానికి పోతాండారా, సూది వేయించుకోనీకి పోతాండారా?" అన్నాడు. అయ్యవార్లంతా నవ్వినారు.

"మూసుకున్నా కాలు ఎనక్కి పెట్టలేదు సార్, చూడండి," అన్నాడు తిప్పయ్య.

హెడ్మాస్టరు నావైపు తిరిగినాడు. "చదువుకున్నాయన ఈడే ఉండాడు. పుస్తకంలో ఎట్లుండాది సార్?"

తిప్పయ్య కూడా నన్నే చూసినాడు. సుంకప్ప చేన్లో నిలబడింది మేమిద్దరమే.

"పుస్తకంలో కళ్ళు తెరిచే ఉన్నాయి," అన్నాను.

అది అబద్ధం కాదు.

"విన్నావా? కొంచెం నల్లరంగు తెచ్చి అందరికీ కండ్లు తెరిపించు!"

తిప్పయ్య తుండుగుడ్డ పరిచి, సిపాయిల్ని ఒక్కొక్కరినే పడుకోబెట్టి మూట కట్టినాడు. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. "వస్తా సామీ" అనకుండా ఏనాడూ పోయినవాడు కాదు. మూటను రెండు చేతులా పట్టుకొని, నా పక్కనుంచే పోయినాడు.