మా స్వాతిని మాట్లాడనిచ్చిన లాయరమ్మ

తమ్ముడూ, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరదలా, షుగరు తగ్గిందా? పిల్లలు కులాసానా? నాకు ఒంట్లో బాగానే ఉంది, బెంగే తగ్గలేదు.

మనవరాలు స్వాతి విడాకులు తీసుకుంటోంది. బిడ్డ తన దగ్గరే ఉండాలని దాని ఆశ. ఇవాళ జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లి ఒక లాయరమ్మను కలిశాం. ఇంతకుముందు చూసిన ఇద్దరు లాయర్లు నేను చెప్పిందే రాసుకుని, గెలిపిస్తామన్నారు. ఈవిడ మాత్రం కలం పక్కన పెట్టి, "మామ్మగారూ, మీ బాధ అర్థమైందండి. కాపరం చేసింది అమ్మాయి కదా, తననే చెప్పనివ్వండి" అన్నారు.

నెలల తరబడి నోరు విప్పని పిల్ల అరగంట మాట్లాడింది. సగం నాకూ తెలియని సంగతులే. ఆవిడనే ఖాయం చేసుకున్నాం. ఇన్నాళ్లూ దాని బదులు నేనే మాట్లాడడం తప్పేనంటారా?

సోమవారం పదింటికి మళ్లీ రమ్మన్నారు. "అమ్మమ్మా, నువ్వూ రా, బయట బెంచీ మీద కూర్చుందువుగాని" అంది స్వాతి.