ముందు బరువు

అప్పలసూరి ట్రాక్టరు ఎక్కేముందు ట్రాలీ తగిలించిన పిన్నుని కాలితో తన్ని చూస్తాడు. ఆపైన ముందు టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని, అవి నేలకి సరిగా నొక్కుకున్నాయో లేదో అరచేత్తో తడుముతాడు. చీపురుపల్లి రాళ్ల క్వారీలో వాళ్లకి అదొక నవ్వులాట. అక్కడ చిన్న ట్రాక్టరుకి పెద్ద ట్రాలీ తగిలించడం మామూలే. మిట్ట ఎక్కేటప్పుడు వెనక బరువుకి ముందు చక్రాలు గాల్లోకి లేస్తే, కూలీ ఒకడు బరువు కోసం ముందు బంపరెక్కి కూర్చుంటాడు. నిరుడు అలా కూర్చున్న అప్పలసూరి బావమరిది ఈశ్వర్, మిట్ట దిగుతుండగా జారి చక్రాల ముందు పడ్డాడు. అప్పలసూరి బ్రేకు తొక్కాడు గానీ, వెనకనుంచి ట్రాలీ బండిని వాడి మీదికి తోసేసింది.

మొన్న రైలు గేటు మిట్ట మీద ముందు చక్రాలు లేవగానే గిరిబాబు అనే కూలీ అలవాటుగా బంపరెక్కాడు. అప్పలసూరి ఇంజనాపి, దిగి, వాడి చొక్కా పట్టి కిందికి లాగాడు. “ఏటి మావా, ఎప్పుడూ కూకునే సోటే గదా!” అన్నాడు గిరిబాబు. “నువ్వు మనిసివా, బరువువా? సెప్పరా!” అని అరిచాడు అప్పలసూరి. ట్రాలీలో సగం రాళ్లు రోడ్డు పక్కకి దొర్లించేదాకా బండి కదపలేదు. సాయంత్రానికి యజమాని అతని దగ్గర తాళాలు తీసేసుకున్నాడు.

మర్నాడు అప్పలసూరి గేటు దగ్గర టీకొట్టు ముందు నిలబడి ఉండగా, అదే ట్రాక్టరు నిండా రాళ్లతో మిట్ట దిగుతూ వచ్చింది. సీట్లో కొత్త డ్రైవరు, బంపరు మీద గిరిబాబు. అప్పలసూరిని చూసి వాడికి సిగ్గేసింది కాబోలు, నవ్వాడు. పట్టుకున్న చెయ్యి వదిలి, మావకి ఊపాడు.