తెలుపు ఎప్పుడూ రెండింతలు

గుంపుగా బొమ్మలు వేయించే చోట అన్నిటికన్నా ముందు అయిపోయేది తెల్లరంగు. ఎరుపు, పసుపు, నీలం సగం సీసాలతో ఇంటికి తిరిగొస్తాయి. తెల్ల సీసాను మాత్రం తలకిందులు చేసి, అడుగు కొట్టి, చివరి చుక్క దాకా పిండాలి. మబ్బుకు తెలుపు కావాలి, నీళ్ల మీద మెరుపుకు తెలుపు కావాలి, వేసిన గీత నచ్చకపోతే దాన్ని కప్పడానికి ఇంకా ఎక్కువ కావాలి. అందుకని ఏ ఆఫీసుకు సామాను కొన్నా తెలుపు రెండింతలు తీసుకుంటాను. ఈ అలవాటుతో ఇన్నేళ్లు మాట పడకుండా నెట్టుకొచ్చాను. ఒక్క ఆఫీసులో మాత్రం ఆ తెల్ల సీసాలను చూస్తే ఒళ్లు మండింది.

అంతకుముందు నేను కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్‌ను. డ్రాయింగ్ పీరియడ్‌ను కాస్తా లెక్కలకు ఇచ్చేసి నాకు నమస్కారం పెట్టేశారు. ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చాను. హైటెక్ సిటీ నుంచి ఖాజాగూడ దాకా ఏ అద్దాల మేడలో చూసినా, ఉద్యోగులను ఒక మధ్యాహ్నం పాటు సంతోషపెట్టాలని తాపత్రయపడే హెచ్ఆర్ వాళ్లు ఉంటారు. వాళ్ల కోసం కాన్వాసులు, కుంచెలు, ఏప్రాన్లు, నీళ్ల కప్పులు, బల్లల మీద పరిచే పాత పేపర్లతో సహా అన్నీ నేనే మోసుకెళ్తాను. బొమ్మ కూడా ముందే పెన్సిల్‌తో గీసి పెడతాను. అందరూ ఒకే బుద్ధుడికి రంగులు నింపి, సొంతంగా వేసినట్టు ఫోటోలు దిగుతారు. నాకేమీ అభ్యంతరం లేదు. బుద్ధుడికీ ఉన్నట్టు లేదు.

ఆ ఆఫీసు నుంచి ఫోన్ చేసిన హెచ్ఆర్ అమ్మాయిది భీమవరం వైపు మాట. చిన్న పిల్లే, గొంతు బెదిరిపోయి ఉంది. తమ టీములో ఒకాయన చనిపోయాడని, పని చేస్తూ చేస్తూ కుర్చీలోనే కూలబడిపోయాడని చెప్పింది. ఆయన ముఖాన్ని చదరాలుగా విడగొట్టి, తలా ఒక చదరానికి రంగు వేసి, అన్నీ కలిపి గోడ మీద పెట్టాలని వాళ్ల ఆలోచన. ఆ రోజు భార్యను పిలిచి బొమ్మను ఆమెకే ఇచ్చేస్తారట.

"నలుపు మాత్రం తేవద్దండి మేడమ్. ముదురు రంగులు కూడా తగ్గించండి. అసలే అందరూ డల్‌గా ఉన్నారండి, చూస్తే ఏడుపొచ్చేలా ఉండకూడదండి" అంది.

చచ్చిపోయిన మనిషి కోసం ఏడవకుండా బొమ్మ వేయాలి. సరే అన్నాను. తిండి పెట్టే పని కదా. ఐడీ కార్డు కోసం తీసిన ఫోటో పంపారు. ఫ్లాష్ పడి, పైన ఫోన్‌లో మెరుగులు దిద్ది, ముఖం పిండి చల్లినట్టు ఉంది. దీంతో పని కాదని భార్య నంబరు తీసుకున్నాను.

వాళ్ల ఫ్లాట్ మదీనాగూడలో, మెయిన్ రోడ్డు మీది బట్టల షాపుల వెనక సందులో ఉంది. ఆమె అనంతపురం వైపు మనిషి, నాకంటే చాలా చిన్నది. తలుపు తీస్తూనే అక్కా అంది. హాల్లో దండ వేసిన పటం ఉంది. అందులోనూ ఆయన తెల్లగానే ఉన్నాడు.

"స్టూడియో వాళ్లు బాగుంటాదని అట్ల చేసినారక్కా. నేనేమో ఆ రోజుల్లో చూసుకోలేదు" అంది. "ఆయన నలుపు. నల్లోడనే పిల్చేదాన్ని నేను. పాప ఈ పటం కాడికి రాదు. ఈయన మా నాన్న కాదంటాది."

ఐదేళ్ల పాప వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆ తల్లి గొంతు తగ్గించింది.

"మీరన్నా ఆయన రంగు వేయించండక్కా. ఒక్క పటమన్నా వాళ్ల నాన్న మాదిరి ఉండల్ల దీనికి. పెద్దయ్యేలోపు మొకం మర్చిపోతాదేమోనని నాకు బయ్యం."

ఇలాంటి మాట నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేను అమ్మేది సూర్యాస్తమయాలు. కానీ ఆ మాట విన్నాక, ఈ ఒక్క బొమ్మ సరిగ్గా రావాలని పంతం పట్టుకుంది నాకు. ఆమె ఫోన్‌లో ఫోటోలు చూపించింది. ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు, పెళ్లిలో ఇంకో రంగు. ఏది ఆయన రంగో తేలలేదు. అప్పుడు ఆమే పాపను పిలిచి, చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"ఇదో, దీని చెయ్యి చూడండి. అచ్చు ఆయన రంగే."

నా సంచిలో ఎప్పుడూ కొన్ని రంగులు ఉంటాయి. నేల మీద కూర్చుని కాగితం మీద కలపడం మొదలుపెట్టాను. గోధుమ రంగు, ఇటుక రంగు, కొంచెం పసుపు, చిటికెడు నీలం. ఒక్కో పట్టీ వేసి పాప చెయ్యి పక్కన పెట్టాను. పాపకు ఇది ఆట అయిపోయింది. "ఇది కాదు... ఇది కాదు..." అంటూ ఒకదాని మీద వేలు పెట్టి "ఇదీ!" అంది. మేం వాడే అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు తేలిగ్గా కనిపించి, ఆరాక ముదురుతుంది. అందుకని ఆరేదాకా చూద్దామని ఒక చుక్క పాప ముంజేతి మీదే పెట్టాను. ఆరిన తర్వాత అది ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్లమ్మ నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదొక్కసారే.

మర్నాడు మెట్రోలో కోఠి వెళ్లాను. అక్కడ సందులో నేను ఎప్పుడూ కొనే హోల్‌సేల్ కొట్టు ఉంది. గోధుమ రంగు సీసాలు అన్నన్ని అడిగేసరికి కొట్టాయనకు ఆశ్చర్యం వేసింది.

"మొఖానికే కదా అక్కా? స్కిన్ కలర్ రెడీమేడ్ ఉన్నది. కలుపుడు పరేషాన్ ఎందుకు?" అని ఒక సీసా ముందు పెట్టాడు. లోపల గులాబీ చాయ.

"ఇది ఎవరి స్కిన్ అన్నా? మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా ఈ రంగుల?" అన్నాను.

ఆయన నవ్వేశాడు. "మా ఇంట్ల ఎవ్వరు లేరు. కానీ ఇదే పోతది అక్కా, బడి పిల్లలకాడికెల్లి అందరు గిదే అడుగుతరు."

నేను ఆ సీసా పక్కకు నెట్టి నాకు కావలసినవి కట్టించుకున్నాను. చివర్లో ఎప్పటిలాగే తెలుపు రెండింతలు వేయమన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చేసింది.

ఇంట్లో చిన్న కాన్వాసుల మీద ఆయన ముఖాన్ని చదరాలుగా పెన్సిల్‌తో గీసి పెట్టి, డబ్బాల కొద్దీ ఆ రంగు కలిపి, మూతల కప్పుల్లో పోశాను. ముదురు చోట్లకు వేరే, వెలుగు పడే చోట్లకు వేరే. నలుపు వద్దన్నారు కాబట్టి జుట్టుకు గోధుమలో నీలం కలిపి నల్లటి రంగు తెచ్చాను. ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. గీత లోపల కప్పులోది పూస్తే చాలు, ఆయన వస్తాడు. వస్తాడనే నమ్మాను.

ఆ రోజు ట్రైనింగ్ రూములో బల్లలు వేశారు. కప్పులతో పాటు తెల్ల సీసాలు కూడా అలవాటు కొద్దీ వాటి మీద పెట్టేశాను. ఆయన టీము వాళ్లంతా వచ్చారు. వాళ్లను తప్పుగా అనుకోకండి, నటించలేదు వాళ్లు. ఒకతను తన చదరంలో కన్ను పడిందని చూసుకుని చాలాసేపు కుంచె ముట్టుకోలేదు. ఇంకో అమ్మాయి చెంప భాగం వేస్తూ ముక్కు తుడుచుకుంటూనే ఉంది. గది ప్రశాంతంగా ఉంది. కాసేపు నాకూ బాగానే ఉంది.

మొదటి పూత ఆరడం మొదలయ్యాక రంగు ముదిరింది. చెంప వేస్తున్న అమ్మాయి తన చదరాన్ని ఎత్తి పట్టుకుని చూసింది.

"మేడమ్, ఇది మరీ నల్లగా వచ్చింది."

"అదే రంగమ్మా. ఆయన రంగే అది. నేను చూసి కలిపిన" అన్నాను.

"లేదు మేడమ్, అన్న ఇంత నల్లగా ఉండేవాడు కాదు. మంచి కళ ఉండేది ముఖంలో" అని, ఏడుస్తూనే తెల్ల సీసా అందుకుంది.

ఆమె కలపడం పక్కవాడు చూశాడు. తన చదరం పక్క చదరంతో కలవాలి కదా, అతనూ కలిపాడు. అతన్ని చూసి ఇంకొకరు. ఒక్కరు కూడా తెల్లగా చేద్దామని పైకి అనలేదు. పక్కదాని కంటే తనది మాసినట్టు కనిపించకూడదని ప్రతివాళ్లూ ఇంకో చుక్క వేశారు. నుదురు తెల్లబడింది, ముక్కు తెల్లబడింది, మెడ తెల్లబడింది. నాకు కోపం ఆగలేదు. వెళ్లి తెల్ల సీసాలన్నీ తీసి సంచిలో వేసుకున్నాను.

హెచ్ఆర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ప్లీజ్ మేడమ్, ఇచ్చేయండి. వాళ్లు మనసు తేలికపడడానికి వచ్చారు కదండి. వాళ్లకెలా గుర్తుంటే అలా వేసుకోనివ్వండి."

"ఆయన ఇంటామె ఏం అడిగిందో నీకు తెల్సా?" అన్నాను.

"ఆవిడక్కూడా ఇదే నచ్చుతుందండి. నల్లగా ఉంటే చూడలేరు కదండి పాపం" అంది. వెటకారం కాదు, మనస్ఫూర్తిగా అంది. తనే సంచిలోంచి సీసాలు తీసి బల్లల మీద పెట్టింది. నా రెండింతల తెలుపు ఆ రోజు చుక్క మిగలకుండా ఖర్చయింది.

చదరాలన్నీ గోడకు కలిపి పెట్టాక, గీతలు ఆయనవే, మనిషి మాత్రం ఎవరో. అందగాడే. ఫ్లెక్సీ బ్యానర్ల మీద ఉండే నాయకుల్లాగా ఉన్నాడు. అందరూ ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. అచ్చం ఆయనలాగే ఉందన్నారు.

భార్య పాపను తీసుకుని వచ్చింది. గోడ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. పాప మాత్రం బొమ్మ దగ్గరికి నడిచి, ఈసారి దూరం జరగకుండా అక్కడే నిలబడింది. కళ్లు, మీసం, చెవులు అన్నీ ఒక్కొక్కటే చూసింది. ఎంతయినా గీతలు వాళ్ల నాన్నవే కదా. తన చొక్కా చెయ్యి తనే పైకి లాక్కుని చెయ్యి చూసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినపడేట్టు అడిగింది.

"అమ్మా, చచ్చిపోతే తెల్లగా అయిపోతారా?"

చెంప వేసిన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెచ్ఆర్ అమ్మాయి చాక్లెట్ ఇవ్వబోయింది, పాప తీసుకోలేదు. బల్ల మీద సగం వాడి వదిలేసిన గోధుమరంగు కప్పు కనిపించింది దానికి. "ఆంటీ, నా రంగు!" అని దాన్ని పట్టుకుని తల్లికి చూపించింది. ఆమె ఆ కప్పు అందుకుని, లోపలికి చూస్తూ నాతో మెల్లగా అంది:

"ఇన్నేండ్లు పక్కనే కూచోని పనిచేసినారు కదక్కా. ఈ రంగు కనపడలేదా వీళ్లకి?"

బొమ్మను ఇంటికి తీసుకెళ్లనంది. ఇక్కడే ఉండనీయండి, అందరూ కష్టపడి వేసినారు అని మర్యాదగానే చెప్పింది. కప్పు మాత్రం తీసుకెళ్లింది.

కొన్నాళ్లకు అదే ఆఫీసు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఎవరో కొత్త హెచ్ఆర్. సూర్యాస్తమయం కావాలన్నాడు. "స్టోర్‌రూంలో పాత కాన్వాసులు ఉన్నాయండి, ఏదో ముఖం ఉంది వాటి మీద. పైన వైట్ కొట్టేసి వాడేద్దామండి, కొత్తవి ఎందుకు?" అన్నాడు. వాటి కోసం వెళ్లాను. వైట్ కొట్టడానికి కాదు. ఇంటికి తెచ్చి, హాల్లో నేల మీద వరసగా పేర్చి, ఆ రోజు పాప వేలు పెట్టిన పట్టీని పక్కన పెట్టుకుని, ఒక్కో చదరం మీద మళ్లీ రంగు వేశాను. చెంప, నుదురు, మెడ. ఆరేకొద్దీ ముదిరింది. చివరి చదరం ఆరేసరికి ఆయన వచ్చాడు. బతికుండగా నేను చూడని మనిషి, అయినా చూసినట్టే అనిపించి ఏడుపొచ్చింది.

ఆమెకు ఫోన్ చేశాను. ఫ్లాట్ ఖాళీ చేసి తాడిపత్రిలో అన్న ఇంట్లో ఉంటున్నారట. బొమ్మ సరిచేశానని, ఎక్కడికి పంపమంటావని అడిగాను. వెనక పాప ఏదో పద్యం అప్పజెబుతున్న గొంతు వినిపిస్తోంది.

"పంపొద్దులేక్కా" అంది. "చచ్చిపోతే తెల్లగా అయితారని నమ్మేసింది. ఇప్పుడు ఆ దండ పటం కాడికి రోజూ పోయి నాన్నా అని మాట్లాడతాది. మళ్లా నల్లగా చూపిస్తే, మా నాన్న బతికినాడా అని అడుగుతాది. అప్పుడు నేనేం చెప్పల్ల?"

ఆరోగ్యం జాగ్రత్త అని ఏదో అన్నాను. చదరాలన్నీ పాత చీరలో చుట్టి బీరువా వెనక నిలబెట్టాను. సూర్యాస్తమయానికి కొత్త కాన్వాసులు కొన్నాను.