అవతలివైపోళ్ళు

ఎనభైల్లో నేను మా ఎమ్మెల్యే ఇంటి వరండాలో అర్జీలు తీసుకునేవాణ్ణి. చేతిరాత బాగుంటుందని పిలిచి కూర్చోబెట్టారు. నాలుగు నెలలు తిరిగేసరికి నాకు నేనే చిన్న ఎమ్మెల్యేనైపోయాను. అప్పుడు జిల్లా పార్టీలో రెండు వర్గాలు. పెళ్ళిభోజనాల్లో కూడా ఎవరి పంక్తి వాళ్ళదే. అర్జీ తెచ్చిన మనిషిని నేను మొదట అడిగే మాట, "ఎటువైపోళ్ళు?" మనవైపైతే కాయితం బల్ల మీదికి, అవతలివైపైతే బల్ల కింది చెక్కపెట్టెలోకి. అలా చేయమని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే గ్రహించానని నా గొప్ప.

ఎండాకాలం, బీడీలకి తునికాకు కోసే రోజుల్లో, దుమ్ముగూడెం అడవిలోని ఒక గూడెం నుంచి ముసలామె వచ్చింది. అక్కడి పంతులు రాసిచ్చిన కాయితాన్ని కొంగున ముడేసి తెచ్చింది.

"ఎటువైపోళ్ళు?" అన్నాను, తలెత్తకుండానే.

"అవతలివైపోళ్ళం సారూ."

దాచకుండా చెప్పిందే అని ఆశ్చర్యపోయాను కూడా.

"చిన్నకోడలికి వానల్ల కాన్పు. పోయినేడు పెద్దకోడలు నొప్పులు పడుకుంట ఒడ్డుమీదనే పోయింది. జర జల్దీ జెయ్యమను సారూ."

"పెద్దసారుకు ఇస్తాలే, పో" అని, కాయితం మడత విప్పకుండా పెట్టెలో వేశాను.

మృగశిర వానలు మొదలైన మూడో రోజు వరండా పైకప్పు కురిసింది. పెట్టె తడుస్తోందని ఎమ్మెల్యేనే దాన్ని ముందుకు లాగి మూత తీశారు.

"ఇవేందయ్యా?"

"అవతలివైపోళ్ళవి సార్" అన్నాను, శభాష్ అంటారనుకుని.

ఆయన కుర్చీ లాక్కుని ఒక్కొక్కటే చదివారు. ముసలామె కాయితం దగ్గర ఆగి, నాకు వినబడేలా చదివారు. మాది వాగుకు అవతలివైపు గూడెం, వానాకాలం దవాఖానాకు పోయే దారి లేదు, ఒక పడవ ఇప్పించండి. కింద వేలిముద్రలు.

"ఇవతలివైపోళ్ళకు పడవెందుకయ్యా?" అన్నారు. గొంతు పెంచలేదు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

అప్పటికప్పుడు జీపులో బయల్దేరాం. గోదావరి ఒడ్డున పడవ ఇవ్వగలవాడు ఒక్కడే దొరికాడు. అతను నిజంగానే అవతలి వర్గం మనిషి. ఎన్నికలప్పుడు ఈయన జీపును ఊళ్ళోకి రానివ్వలేదు. ఎమ్మెల్యే అతని వాకిట్లో మంచం మీద కూర్చుని, "వానలు పోయేదాకా నీ పడవియ్యి. నేనొచ్చి అడిగిన్నని మీవోళ్ళకు చెప్పుకో, ఏం కాదు" అన్నారు. అతను సరేనని, పడవ మోయడానికి ట్రాక్టరు కూడా తనే తీశాడు. దీన్ని పట్టుకుని మావాళ్ళు ఆయన్ని చాలాకాలం ఎత్తిపొడిచారు.

మర్నాడు మేం చేరేసరికి వాగు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. అవతలి ఒడ్డున మంచం మీద చిన్నకోడలు, పక్కన ముసలామె. నీళ్ళు తీస్తాయేమోనని ముందురోజు నుంచీ అక్కడే ఉన్నారట. పడవలో ఇవతలికి దాటించి, జీపులో పడుకోబెట్టి దవాఖానాకు తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లి దక్కింది.

ముసలామె బయటికొచ్చి నన్ను గుర్తుపట్టింది. తిన్నగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు కాయితం ఇయ్యబట్టే గదా సారూ. నీ కడుపు సల్లగుండ."

ఎమ్మెల్యే పక్కనే ఉన్నారు. అసలు సంగతి చెప్పేస్తారనుకున్నాను. చెబితే బాగుండుననీ అనిపించింది.

"అవ్, ఈయనే ఇచ్చిండు" అన్నారాయన.

నేను కాదనలేకపోయాను.