దిమ్మ లెక్క, మనిషి లెక్క

ఆసుపత్రిలో ఆవిడకు కొలతలమ్మ అని పేరు పడిపోయింది. అలా పిలిచినా పలుకుతుంది, కోపం లేదు. సీటీ స్కాన్ మిషను రోగికి ఎంత రేడియేషన్ ఇస్తోందో లెక్క చూడటం ఆవిడ ఉద్యోగం. మనిషికి బదులు ఒక ప్లాస్టిక్ దిమ్మను బల్ల మీద పడుకోబెట్టి, దాని రంధ్రంలో పెన్నులాంటి మీటరు దూర్చి కొలుస్తుంది. ఆ దిమ్మతోనే ఆవిడ పేచీ అంతా. అది బాగా ఒళ్లున్న మనిషంత లావు. తెర మీద కనిపించే డోసు అంకె ఆ దిమ్మది, పడుకున్న మనిషిది కాదు. బక్కవాళ్ల ఒంట్లోకి అంతకంటే ఎక్కువే దిగుతుంది. అందుకని రెండు దవడల చెక్క కొలబద్ద పట్టుకుని వచ్చినవాళ్ల పొట్టలు కొలుస్తుంది. దాన్ని చూడగానే మగవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. పెళ్లికి వెళ్లినా నీ చూపు జనం నడుముల మీదేనని మొగుడు ఆటపట్టిస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఒకరోజు నడుం నొప్పితో ఒక పాపను తీసుకొచ్చారు. కిడ్నీలో రాయేమోనని అనుమానం, అల్ట్రాసౌండ్‌లో ఏమీ తేలలేదట. టెక్నీషియన్ తెర చూసి, "తక్కువేగా అక్కా, కానిచ్చేద్దాం" అన్నాడు. ఆవిడ కొలబద్ద పెట్టి చూసింది. పిల్ల పుల్లలా ఉంది. అసలు డోసు ఆ అంకెకు రెట్టింపు. సగానికి దించమంది.

ఎక్స్‌రే డాక్టరుగారు తటపటాయించారు. మరీ దించితే బొమ్మ గరుకుగా వస్తుంది, ఏమీ కనబడకపోతే మళ్లీ తీయాలి, ఆ రెండోదీ పాప ఒంటికే కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. పిల్లలంత చిన్న దిమ్మలో రాయిముక్క పెట్టి తీసి చూశానని, ఇంత డోసులోనూ రాయైతే దాక్కోలేదని ఆవిడ చెప్పింది. ఆయన సరేనన్నారు.

బొమ్మ వచ్చింది, ఇసుక చల్లినట్టు. డాక్టరుగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆవిడ ఆయన ముఖమే చూస్తూ నిలబడింది.

"ఇదిగో రాయి. చాలమ్మా, మళ్లీ తీయక్కర్లేదు."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. సంతోషం పట్టలేక వెళ్లి పాప తల్లి చేతులు పట్టుకుని, రాయి దొరికిందని చెప్పింది. బిడ్డ కడుపులో రాయుంటే ఈవిడకింత సంబరమేమిటని ఆ తల్లి తెల్లబోయింది.

తరవాత వచ్చినాయన భారీ మనిషి. ఆవిడ కొలబద్ద కోసం చూస్తే పెట్టినచోట లేదు. ఇన్నాళ్లూ దాన్ని చూసి నవ్విన టెక్నీషియనే దాని దవడలు తెరిచి ఆయన పక్కన నిలబడి ఉన్నాడు.

"ఊపిరి వదిలెయ్యండి బాబాయ్, పొట్ట దాచకండి" అంటున్నాడు. "మా అక్కకి దొంగ లెక్కలు పడవు."